ముగ్గురం పోదామనుకున్న సముద్రం

మేం ముగ్గురం అక్కచెల్లెళ్ళం. అక్క పుంగనూరులో ఉంటుంది, నేను మదనపల్లెలో, చెల్లెలు కుప్పంలో. పెళ్ళిళ్ళకూ చావులకూ కలుస్తాం, వచ్చినవాళ్ళకు వడ్డించడంతోనే సరిపోతుంది. మొగుళ్ళూ పిల్లలూ అత్తలూ లేకుండా ముగ్గురమే ఒకచోట కాళ్ళు చాపుకుని కూర్చున్నది, నాకు గుర్తున్నంతవరకు, పోయినేడు శ్రావణంలో కుప్పంలోనే.

చెల్లెలు కొత్త ఇంట్లో చేరింది. పాలు పొంగించిన మర్నాడు మధ్యాహ్నం మగవాళ్ళు ఊళ్ళోకి పోయారు. మేం హాల్లో చాప వేసుకుని పడుకుని, మిగిలిన ఓళిగలు తింటూ ఏవో మాట్లాడుకుంటున్నాం. రైలు కూత వినపడింది.

"ఈ రైలు యాడికి పోతాదే?" అంది అక్క.

"మద్రాసుకు," అంది చెల్లెలు.

"మద్రాసులో సముద్రం ఉండాది గదా?"

ఆ అడగడం ఎట్లా ఉందంటే, పక్కవీధిలో ఫలానావాళ్ళ ఇల్లు ఉంది కదా అన్నట్టుంది. అప్పుడు నాకు తట్టింది, అక్క సముద్రం చూడలేదని. యాభై దాటింది. నేను స్కూలు పిల్లల్ని వెంటబెట్టుకుని రెండుసార్లు చూశాను. చెల్లెలైతే బ్యాంకు ట్రైనింగులని, మొగుడితోనని లెక్కలేనన్నిసార్లు చూసింది. అక్క మాత్రం పలమనేరు దాటి పోయిందంటే అది మాకోసమే, ఆసుపత్రికో పరీక్షకో.

చెల్లెలు లేచి కూర్చుంది. "పోదామా అక్కా? మనం ముగ్గురమే. ఎవురూ వద్దు. మహాబలిపురం పోదాం. రెండు రోజులు ఉండి వద్దాం."

"నాకు బస్సెక్కితే కక్కొస్తాది గదమే."

"రైలులో రాదులే."

అక్క నావైపు చూసింది. ఏ విషయమైనా చెల్లెలు అంటే ఆమె నావైపు చూస్తుంది, నిజమేనా అన్నట్టు. నేను "పోదాం అక్కా" అన్నాను. మనస్ఫూర్తిగానే అన్నాను. ఆ మాట ఇప్పటికీ నాకు నేను చెప్పుకుంటూ ఉంటాను.

మా అమ్మానాయన కూలికి పోయేవాళ్ళు. చెనక్కాయ పీకడానికి, టమోటా కోయడానికి, మట్టిపనికి, ఏది దొరికితే దానికి. అక్క ఐదో తరగతిలో బడి మానేసింది. చెల్లెల్ని చంకనేసుకుని, నన్ను చేత్తో పట్టుకుని ఇంటిదగ్గర ఉండడానికి మనిషి కావాలి కాబట్టి. తర్వాత తనూ కూలికి పోయింది. మేమిద్దరం హాస్టళ్ళలో చదువుకున్నాం. ఇవన్నీ మా ఇళ్ళలో కొత్త కాదు. ఏ ఇంట్లో చూసినా ఒక పెద్దకూతురు ఇట్లాగే ఉంటుంది. అందుకేనేమో, ఎవరికీ అది పెద్ద విషయంగా కనపడదు.

నాకు మాత్రం ఒక రోజు మరుపు రాదు. నేను టీచరు ఉద్యోగానికి పరీక్ష రాసింది చిత్తూరులో. నా కొడుక్కు అప్పుడు ఐదు నెలలు. వాణ్ణి ఎత్తుకుని అక్క నాతో వచ్చింది. దారంతా బస్సు కిటికీలోంచి తల బయటపెట్టి కక్కుతూనే ఉంది, ఒక చేత్తో బిడ్డను నాకు అందించి, మళ్ళీ తీసుకుంటూ. నేను లోపల పరీక్ష రాస్తుంటే ఆమె బయట గేటు ముందర ఎండలో, చీరకొంగు బిడ్డమీద కప్పి కూర్చుంది. బయటికొచ్చేసరికి బిడ్డ నిద్రపోతున్నాడు, ఆమె పెదవులు ఎండిపోయి ఉన్నాయి. "బాగా రాసినావా పాపా?" అంది. నన్ను ఆమె ఎప్పుడూ పాపా అనే పిలిచేది. నాకు ఇప్పుడు నలభై నాలుగేళ్ళు. నా స్కూలు పిల్లల ముందర కూడా పాపా అనే పిలిచేది.

దసరా సెలవుల్లో పోదామనుకున్నాం. అక్క పుంగనూరులో ఒక బడిలో మధ్యాహ్నభోజనం వండుతుంది. ఆమెకూ నాకూ ఒకేసారి సెలవులు. చెల్లెలు లీవు పెట్టుకుంటానంది. ముందురోజు అందరం కుప్పం చేరి, పొద్దున రైలెక్కి మద్రాసులో దిగి, అక్కడినుంచి బస్సులో మహాబలిపురం. చెల్లెలు రైలు టికెట్లు తీసింది, కిటికీలోంచి సముద్రం కనపడే రూము చూసింది, ఫోనులో ముగ్గురికీ ఒక గ్రూపు పెట్టింది.

అక్కకు టైపు చేయడం రాదు. కూతురు డిగ్రీ చదువుతోంది, ఆ పిల్ల పాత ఫోను అక్క దగ్గర ఉంటుంది. మైకు బొమ్మ నొక్కిపట్టి మాట్లాడడం నేర్పించింది. ఇక చూడండి, రోజూ పొద్దున వంటకు పోకముందు ఒక మాట, వచ్చినాక ఒక మాట.

"పాపా, సముద్రం నీళ్ళు తగిలితే ఒళ్ళు దురద పెడతాదంటనే, నిజమేనా?"

"మే చిన్నదానా, ఆ రూములో స్టవ్వు పెట్టనిస్తారా? నేను చింతకాయ తొక్కు, కొర్రబియ్యం తెస్తా. మూడు పూటలూ హోటల్లో ఎవురు తింటారు?"

"ఆడ చీరతో దిగితే తడిసి బరువైపోతాదంట. మా పక్కింటి ఆపా సుడిదారు కుడతానంటాండాది. ఈ వయసులో నాకు సుడిదారేందే!" అని ఒక నవ్వు. ఆ నవ్వు చాలాసేపు ఉంది, నొక్కిన వేలు తీయడం మరిచిపోయినట్టుంది.

మొదట్లో ఆ మాటలు వింటే నాకు నవ్వొచ్చేది, ముచ్చటేసేది. పోనుపోను బరువనిపించసాగింది. దాచి ఏం లాభం. ఆ రోజుల్లో మా అత్తకు మోకాలి ఆపరేషను అయింది. పొద్దున నాలుగిటికి లేచి ఆమెకు అన్నీ చేసి, వంట చేసి, బస్సు పట్టుకుని రామసముద్రం దగ్గర మా స్కూలుకు పోయి, వచ్చి మళ్ళీ అవే పనులు. కొడుకు ఇంటర్. నాకు ఆ రెండు రోజులు ఎవరికీ ఏమీ చేయకుండా ఉండాలనిపించేది. అక్క వస్తే చేయాలి. ఆమె కక్కుతుంటే వీపు నిమరాలి. హోటల్లో ఇడ్లీ ధర చూసి ఆమె "అమ్మో" అంటే పక్కవాళ్ళు చూస్తారు. అసలు సంగతి అదేనేమో, పక్కవాళ్ళు చూస్తారు. చెల్లెలి గృహప్రవేశంలో బ్యాంకువాళ్ళు సోఫాల్లో కూర్చుని ఉంటే, అక్క ఉడకబెట్టిన చెనక్కాయలు ఒళ్ళో పోసుకుని వచ్చి పిడికెడు పిడికెడు వాళ్ళ చేతుల్లో పెట్టింది. వాళ్ళు ఇష్టంగానే తిన్నారు. సిగ్గుపడింది నేను.

సెలవులకు ఇంకా పదిరోజులుంది. స్టాఫ్‌రూములో మధ్యాహ్నం ఇంటర్వెల్లులో టీ తాగుతున్నాను. చెల్లెలు నాకొక్కదానికే మెసేజి పెట్టింది. అక్క నిన్న కుక్కరు కూడా తేవాలా అని అడిగిందట. "ఆయమ్మొస్తే మనకు రెస్టు ఉండదు చిన్నక్కా," అని రాసింది.

నేను జవాబు రాశాను. మేమందరం రాసినట్టే, తెలుగు మాటలు ఇంగ్లీషు అక్షరాల్లో. "నిజమే మే. ఈసారికి మనిద్దరం పోదాం. ఏదో ఒకటి చెప్పి ఆపుదాం. అక్కను తర్వాతెప్పుడైనా తిరుపతికి తీసుకుపోదాం. ఆమెకు సముద్రమైనా చెరువైనా ఒకటే."

పంపాను. చెల్లెలికి అనుకుని ముగ్గురి గ్రూపులో పంపాను.

బెల్లు కొట్టారు. ఫోను బ్యాగులో వేసి క్లాసుకు పోయాను. రెండో తరగతి. గుణింతాలు చెప్పించాను. తిరిగి వచ్చి చూస్తే చెల్లెలు ఆరుసార్లు ఫోను చేసి ఉంది. అప్పుడు చూశాను. తీసేశాను. తీసేసినా అక్కడ, మెసేజి తీసేశారు అని ఒక గుర్తు ఉంటుంది కదా, అది ఉంది. అక్కకు ఫోను చేశాను. మోగింది, ఎత్తలేదు. మళ్ళీ చేశాను. మళ్ళీ. ఆమెకు ఇంగ్లీషు అక్షరాలు రావు, చదివి ఉండదు, చదివి ఉండదు అని ఇంటికి పోయేదాకా అనుకుంటూనే ఉన్నాను.

మర్నాడు లీవు పెట్టి పుంగనూరు పోయాను.

అక్క బడిలో వంట ముగించుకుని అప్పుడే వచ్చినట్టుంది, గడపలో కూర్చుని కాళ్ళు కడుక్కుంటోంది. బావ బేల్దారి పనికి పోయాడు. నన్ను చూసి లేచింది.

"రామ్మా. ఇంత ఎండలో వచ్చినావే. కూర్సో, అన్నం పెడతా."

రామ్మా అంది. ఆ మాట గడపలోనే నాకు తగిలింది. లోపలికి పోయి కూర్చున్నాను. కంచం పెట్టింది. రాగిముద్ద, ఉలవచారు. నేను ముట్టలేదు.

"అక్కా, నిన్న ఆ మెసేజి..."

"తిను ముందు. సల్లారిపోతాది."

"నేను ఊరికే రాసినానక్కా. ఏదో అలసిపోయుండి, చిన్నది అట్లంటే..."

"దాన్ని యాల అంటావు, దాని తప్పేముండాది?" అంది. గొంతు పెంచలేదు. "నిజమే గదమ్మా రాసింది. బస్సెక్కితే నాకు పడదు. హోటల్లో తినను రాదు. మీరు ఒళ్ళొంచి పని చేస్తాండేవోళ్ళు, రెండు దినాలు సుఖంగా ఉండాలనుకుంటారు. నేనొస్తే నన్ను సూసుకోవాల. పోయి రాండి ఇద్దురూ."

"నువ్వు లేకుండా నేను పోను."

"అట్లనొద్దు. టికెట్లు తీసినారు గదా."

తిట్టి ఉంటే బాగుండేది. కంచం లాగేసి, పోవే బయటికి అని ఉంటే నేను ఆమె కాళ్ళు పట్టుకుని ఉందును. ఆమె చారు ఇంకొంచెం పోసింది, చుట్టమొస్తే పోసినట్టు.

అంతలో పక్కింటి ఆపా వచ్చింది. ముస్లింలామె, అక్కా అన్నట్టే ఆపా అంటాం, మిషను కుడుతుంది. ఇరవై ఏళ్ళుగా రెండిళ్ళకూ ఒకటే గోడ. చేతిలో మడిచిన బట్టలు. నన్ను చూసి మొహం విప్పారింది.

"అరె, చెల్లెమ్మ వచ్చిందే! మంచిదైంది. సూడమ్మా, మీ అక్కకు సుడిదారు అయిపోయింది. వద్దు వద్దంటానే మెడకాడ డిజైను తనే చెప్పింది." నీలం గుడ్డమీద తెల్ల పూలు. ఆపా దాన్ని విప్పి అక్క భుజాలకు ఆనించింది. "ఒకసారి వేసుకోని సూపించు. మహాబలిపురంలో అందరూ బొమ్మలిడిసిపెట్టి నిన్నే సూస్తారు!"

అక్క నావైపు చూడలేదు. ఆపాకు ఆమె ఏమీ చెప్పలేదని అర్థమైంది. చెప్పదు కూడా. తన చెల్లెలు తనను అంత మాట అన్నదని పక్కింటి మనిషి దగ్గర ఎందుకు చెప్తుంది?

"సాయంత్రం ఏసుకుంటాలే ఆపా. ఇప్పుడు చెమటగా ఉండాది," అని నవ్వింది. నా పరువు కోసం నవ్వింది. ఆ చుడిదారును మళ్ళీ మడతల వెంబడే మడిచి, పెట్టెమీద పెట్టింది.

నేను బయల్దేరితే అక్క కూతురు బస్టాండు దాకా వచ్చింది. దారిలో నేనే అడిగాను, అమ్మ ఎట్లా తెలుసుకుందని. ఆ పిల్ల తల వంచుకుని నడుస్తోంది.

"నేనే సదివినా చిన్నమ్మా. ఫోను మోగితే, చిన్నమ్మేదో పెట్టింది, రైలు టైమేమో సూడు అనింది. నేను పైకి సదువుతా పోయినా, ముందర సూసుకోలేదు. మధ్యలో ఆపేసినా. మిగతాది కూడా సదువు అనింది. ఏం లేదుమా అన్నా. సదువు అనింది. సదివినా."

"ఏమనింది?"

"ఏమీ అనలేదు. బియ్యం ఏరతాండె, ఏరతానే ఉండె."

కొంచెం దూరం నడిచాక ఆ పిల్లే మళ్ళీ అంది. "నీకు తెలుసునా చిన్నమ్మా, అమ్మ రెండు ఆదివారాలు పలమనేరుకు బస్సులో పోయొచ్చింది. పనేమీ లేదు. ఊరికే పోయి, బస్టాండులో టీ తాగి, తిరిగి వచ్చింది. నిమ్మకాయ వాసన సూసుకుంటా కండ్లు మూసుకోని కూర్సుంటే కక్కు రాలేదంట. మద్రాసు కాడ బస్సులో మీకు ఇబ్బంది కాకూడదని అలవాటు చేసుకుంటాండె."

బస్టాండులో అంతమంది మధ్య నేను ఏడ్చాను. ఆ పిల్ల నా చెయ్యి పట్టుకుంది, కానీ ఏడవొద్దు అనలేదు. నాకు అదే సరైనదనిపించింది.

ఆ రోజు చెల్లెలికీ నాకూ ఫోనులో గొడవైంది. "రెస్టు ఉండదనే నేనన్నా. సముద్రమైనా చెరువైనా అన్నది నువ్వు," అంది. "నిజమే, నేనే," అన్నాను. "అట్లయితే నన్నెందుకు తిడతాండావు?" అంది. తిట్టడానికి ఇంకెవరూ లేక తిట్టాను. ఆమె ఏడ్చి ఫోను పెట్టేసింది. రెండు రోజుల తర్వాత తనే కుప్పంనుంచి పుంగనూరు పోయి అక్క దగ్గర కూర్చుని వచ్చింది. ఆమెకూ అన్నం పెట్టిందట. ఆమెనూ పోయి రమ్మందట.

టికెట్లు రద్దు చేశాం, రూము వద్దన్నాం. రైలెక్కాల్సిన రోజు పొద్దున నేను ఇంట్లో బట్టలు ఉతికాను. ఏడున్నరకు, ఇప్పుడు కుప్పంలో ప్లాట్‌ఫారం మీద ఉందుము అనుకున్నాను. మధ్యాహ్నం, ఇప్పటికి మద్రాసులో దిగి ఉందుము. సాయంత్రం అత్తకు కాలికి నూనె రాస్తూ, ఇప్పుడు అక్క మొదటిసారి చూస్తూ ఉండును అనుకున్నాను. ఆ తర్వాత ఇంకేమీ అనుకోలేకపోయాను, ఎందుకంటే ఆమె మొహం ఎట్లా ఉండేదో నేను ఊహించలేకపోయాను. నలభై ఏళ్ళుగా చూస్తున్న మొహం, కొత్తది ఏదైనా చూస్తే ఎట్లా మారుతుందో నాకు తెలియదు.

అక్క మమ్మల్ని వదిలేయలేదు. అదే కష్టం. మా అత్త కాలు ఎట్లుందని ఫోను చేసి అడుగుతుంది. మా వాడి పుట్టినరోజుకు మదనపల్లె వచ్చింది, నేను వద్దంటున్నా కొంగు దోపి వంటింట్లోకి పోయింది, వచ్చినవాళ్ళందరికీ వడ్డించింది. తినేసి, చేయి కడుక్కుని, సాయంత్రం బస్సుకు వెళ్ళిపోతానంది. అంతకుముందు వస్తే రెండు రాత్రులు ఉండేది, నా పక్కన పడుకుని కబుర్లు చెప్పేది. గ్రూపు అట్లాగే ఉంది. ఆమె అందులోంచి పోలేదు. పొద్దున పూట మాట మాత్రం రాదు. నేనే మైకు నొక్కి, అక్కా ఏం చేస్తాండావు అని పంపిస్తే, కూతురు టైపు చేస్తుంది: "amma bagundi chinnamma."

ఈ ఏడు ఎండాకాలం మొదట్లో పుంగనూరులో ఒక పెళ్ళికి పోయి, అక్క ఇంటికి పోయాను. తలుపు వేసి ఉంది. ఆపా వాళ్ళింట్లోంచి పిలిచింది. కూర్చోబెట్టి నీళ్ళిచ్చింది.

"మీ అక్క అంగడికి పోయింది, వచ్చేస్తాది. నీకు చెప్పిందా, మాతో నాగూరు వచ్చింది? దర్గాకు పోతాంటే, వ్యానులో ఒక సీటు ఉండాది, రా అంటే వచ్చింది. సముద్రం ఆడనే గదా."

నాకు చెప్పలేదు. చెప్పలేదని ఆపాతో అనలేకపోయాను. "ఆ, చెప్పింది," అన్నాను.

"సరిగా చెప్పుండదులే, ఈ మధ్య మీ అక్క మాట్లాడితే గదా! మేమంతా నీళ్ళలో ఆడతాంటే దూరంగా ఇసకలో నిలబడింది. రామ్మా అంటే కాళ్ళు తడిపింది. ఇంక పోదాం రా అంటే రానంటాది! పొద్దు గూకేదాకా ఆడనే. మా ఆయన వ్యానుకాడ అరస్తానే ఉండాడు. ఏడస్తాండావా ఏందమ్మా అంటే, ఉప్పుగాలికి కండ్లు మండతాండాయి అనింది."

అక్క సంచితో వచ్చింది. నన్ను చూసి "ఎప్పుడొచ్చినావు?" అంది. ఇంట్లోకి పోయాం. టీ పెట్టింది. నేను వంటింటి గడపలో నిలబడి ఉన్నాను.

"నాగూరు పోయొచ్చినావంటనే అక్కా."

"ఆఁ, పోయినాము."

"చెప్పలేదే నాకు."

"చెప్పేదానికి ఏముండాది? పోయినాము, వచ్చినాము." టీ వడగట్టింది.

"ఎట్లుండె?"

"బాగుండె." గ్లాసు నా చేతికిచ్చింది. కాస్సేపు ఏదో గుర్తుచేసుకుంటున్నట్టు గోడవైపు చూసింది. చెప్తుందేమో అనుకున్నాను. దాని రంగో, చప్పుడో, ఏదో ఒకటి. నేను గ్లాసు పట్టుకుని కదలకుండా నిలబడ్డాను.

"చక్కెర సరిపోయిందా?" అంది.

"సరిపోయింది."

"నువ్వూ చిన్నదీ మళ్ళా పోలేదా?"

"లేదక్కా."

"పోండి. పిల్లోళ్ళను ఇడిసిపెట్టి పోండి. ఎప్పుడూ ఉండేదే పని." అందులో ఎత్తిపొడుపు లేదు. నేను వెతికాను, దొరకలేదు. నిజంగానే మేం పోయి సంతోషంగా ఉండాలని కోరుకుంటోంది. తనను లెక్కలోంచి తనే తీసేసుకుని మాట్లాడుతోంది.

"మనం ముగ్గురం పోదాం అక్కా. ఈ దసరాకు. నేను చూసుకుంటా అన్నీ," అన్నాను.

"నేను సూసేసినా గదమ్మా," అంది.

బస్టాండుకు తనూ వచ్చింది. నేను ఎక్కి కిటికీ పక్కన కూర్చున్నాను. ఎప్పుడూ బస్సు కదిలేదాకా కిటికీ కమ్మీ పట్టుకుని, ఇంటికి పోయి ఫోను చెయ్యి, అత్తకు పథ్యం పెట్టు అని చెప్తూనే ఉండేది. ఈసారి సంచిలోంచి మల్లెపూలు తీసి కిటికీలోంచి ఇచ్చి, "బియ్యం నానేసి వచ్చినా, పోతా," అంది.

"అక్కా," అని పిలిచాను. తిరిగింది. ఆ మాట ఒక్కసారి అనమని అడగాలనుంది, పాపా అని. అది అడిగి అనిపించుకునేది కాదు.

"ఏంది?"

"ఏం లేదు. జాగర్త."

తల ఊపి నడిచింది. బస్సు ఇంకా కదల్లేదు. టమోటా బుట్టల ఆటో ఒకటి అడ్డం వచ్చింది. అది పోయేసరికి ఆమె రోడ్డు దాటేసింది. పక్కన కూర్చున్నామె "మీ అమ్మా?" అని అడిగింది. అక్క అని చెప్పాను.